ఆస్తి హక్కు తీసేశారంటున్నారు, మరి మా స్థలం సంగతేంటి?
లా తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్. రోడ్డు వెడల్పు అని నోటీసు కూడా ఇవ్వకుండా మా ప్రహరీ కొట్టేసి రెండు సెంట్లు కలిపేసుకున్నారు, పరిహారం అడిగితే "ఆస్తి హక్కు ఎప్పుడో తీసేశారు కదండీ" అని ఒకాయన నవ్వుతూ అన్నాడు, ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి చదివితే 1978లో రాజ్యాంగం 44వ సవరణతో, ఆస్తిని ప్రాథమిక హక్కుగా చూపే 19(1)(ఎఫ్), 31 ఆర్టికల్స్ తీసేసిన మాట నిజమే గానీ, బదులుగా ఆర్టికల్ 300ఎ పెట్టారు, చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తీ లాక్కోకూడదని. అంటే ప్రాథమిక హక్కు కాదు కాబట్టి ఆర్టికల్ 32 కింద నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్ళలేం గానీ 226 కింద హైకోర్టులో రిట్ (అధికారుల చర్య మీద వేసే పిటిషన్) వేయొచ్చు, అంతేనా? 2013 భూసేకరణ చట్టం ఇంత చిన్న బిట్టుకి కూడా వర్తిస్తుందా? ముందు కలెక్టర్ గారికి అర్జీ పెట్టాలా? నాన్నగారి పేరు మీద రిజిస్టర్ దస్తావేజు, ఇంటిపన్ను రసీదులు ఉన్నాయి.