అప్‌డేట్: రెండోసారి రొమ్ము ఇంప్లాంట్ శస్త్రచికిత్స తరువాత

పదకొండేళ్ల కిందటి ఇంప్లాంట్లలో ఎడమవైపుది గట్టిపడి నొప్పి పెడుతోందని, మళ్లీ శస్త్రచికిత్స చేయించుకోవడం క్షేమమేనా అని ఇదివరకు అడిగాను. ఆరు వారాల క్రితం తిరుపతిలోనే అది పూర్తయింది.

ఇంప్లాంట్ చుట్టూ శరీరం సహజంగా ఏర్పరచుకునే పొర బిగుసుకుపోవడమే కారణమని అల్ట్రాసౌండ్, ఎమ్మారై పరీక్షల తరువాత డాక్టరుగారు వివరించారు. పాత మచ్చ కణజాలాన్ని విడదీయవలసి రావడం, చర్మం పలచబడి ఉండటం వల్ల రెండోసారి పని మొదటిసారికంటే కష్టమని, రక్తం గూడుకట్టడం, ఇన్‌ఫెక్షన్, స్పర్శ తగ్గడం వంటి ముప్పులతోపాటు పొర మళ్లీ బిగుసుకునే అవకాశమూ ఉందని దాచకుండా చెప్పారు. నా పాతవి గరుకు ఉపరితలం గలవి. అరుదైన ఒక లింఫోమాతో (రోగనిరోధక వ్యవస్థ కణాల క్యాన్సర్‌తో) సంబంధం ఉన్నందున 2019లో ఒక కంపెనీ తన గరుకు ఇంప్లాంట్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుందని అప్పుడే తెలిసింది. అందుకే తీసిన పొరను బయాప్సీకి పంపమని నేనే పట్టుబట్టాను. ఫలితంలో ఏ దోషమూ లేదు. పాత ఇంప్లాంట్ వివరాలుండే కార్డు కోసం అమ్మ బీరువా అంతా వెతకవలసి వచ్చింది. దయచేసి మీ కార్డును జాగ్రత్తగా దాచుకోండి.

గాయంలో చేరే ద్రవాన్ని బయటికి పంపే డ్రెయిన్ గొట్టాలు తీసేవరకు చాలా ఇబ్బందిపడ్డాను. నీళ్ల బిందె ఎత్తడం, చేతులు పైకి చాచడం ఇన్నాళ్లూ మానేశాను. అలిపిరి మెట్ల మొక్కును డాక్టరుగారు అనుమతించేదాకా వాయిదా వేశాను, అత్తయ్య కూడా అందుకు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు.