గుర్రం మీద నుంచి పడ్డాక ట్రాట్ అంటేనే వణుకు. మళ్ళీ ధైర్యం ఎలా? (బెంగళూరు)

ప్రశ్న (వైట్‌ఫీల్డ్ నుంచి)

నమస్తే అండి. మాది అనంతపురం. ఉద్యోగాల వల్ల చాలా ఏళ్ళుగా బెంగళూరులోనే ఉంటున్నాం. గుర్రపు స్వారీ నాకు చిన్నప్పటి కోరిక, నలభై దాటాక గానీ కుదరలేదు. వాక్ (నడక), ట్రాట్ (మెల్లని పరుగు) బాగానే వచ్చాయి. క్యాంటర్ (ట్రాట్ కంటే వేగమైన దౌడు) అప్పుడప్పుడే అలవాటవుతోంది. ఆషాఢం గాలుల్లో ఒక పొద్దున్న అరేనా (స్వారీ నేర్పే ఆవరణ) పక్క గోడ మీద కప్పిన టార్పాలిన్ ఒక్కసారిగా లేచి టపటపలాడింది. గుర్రం ఒక పక్కకి గెంతింది, నేను రెండో పక్కకి పడ్డాను. మణికట్టు ఎముక చిట్లింది. కట్టు విప్పారు, ఫిజియోథెరపీ అయింది, డాక్టరు ఇక ఎక్కొచ్చన్నారు.

చెయ్యి బాగైంది గానీ భయం పోలేదు. జీనులో కూర్చోగానే గుండె దడ, అరచేతుల్లో చెమట. వాక్ వరకు ఫర్వాలేదు. ట్రాట్ అనగానే పగ్గాలు బిగపట్టేస్తున్నాను, నడుము ముందుకు వంగిపోతోంది, గుర్రం చిరాకుగా తల ఎగరేస్తోంది. "భయం పోవాలంటే క్యాంటర్ చేసేయడమే మందు" అంటారు ఇన్‌స్ట్రక్టర్. "ఈ వయసులో ఎందుకమ్మా ఇవన్నీ" అంటారు అత్తయ్యగారు. మానేయాలని మాత్రం నాకు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? గుర్రాన్ని మార్చమని అడగాలా?

జవాబు (యలహంక నుంచి)

అమ్మా, ఆ ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టండి. పడ్డవాళ్ళు వెంటనే లేచి ఎక్కితేనే భయం పోతుందని గుర్రాలున్న ప్రతిచోటా అంటారు. ఇసుకలో మెత్తగా జారిపడ్డ పిల్లలకి అది కొంత పనిచేస్తుందేమో. ఎముక విరిగిన పెద్దవాళ్ళ సంగతి వేరు. అసలు పోటీల్లోనే దానికి ఒప్పుకోరు. మన బెంగళూరు రైడర్ ఫవాద్ మీర్జా 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో రెండు రజతాలు తెచ్చిన ఈవెంటింగ్ అనే గుర్రపు స్వారీ పోటీనే చూడండి. అందులో క్రాస్‌కంట్రీలో, అంటే ఆరుబయట అడ్డంకులు దూకించే భాగంలో, రైడర్ కిందపడితే అక్కడితో ఎలిమినేషన్. మళ్ళీ ఎక్కి మిగతాది పూర్తి చేస్తానంటే కుదరదు. ఆ స్థాయి వాళ్ళనే ఆపేస్తున్నప్పుడు మీరు క్యాంటర్‌కి తొందరపడాల్సిన పనేముంది?

మీకు పోయింది ధైర్యం అని నేను అనుకోవడం లేదు. మీ ఒంటికి, గుర్రానికి మధ్య మాట కుదరడం లేదు, అంతే. భయం వేయగానే మన శరీరం ముడుచుకుంటుంది. మోకాళ్ళు గుర్రాన్ని నొక్కేస్తాయి, మడమలు పైకి లేస్తాయి, నడుము వంగుతుంది, చేతులు పగ్గాలు లాగుతాయి. గుర్రానికి ఇది ఎలా ఉంటుందో ఆలోచించండి. కాళ్ళు నొక్కితే పద అని అర్థం. పగ్గం లాగితే ఆగు అని అర్థం. రెండూ ఒకేసారి వస్తుంటే అది తల ఎగరేయక ఏం చేస్తుంది? పైగా ఇక్కడి రైడింగ్ స్కూళ్ళలో రేసుల నుంచి రిటైరైన గుర్రాలు చాలానే ఉంటాయి. రేసుల్లో అలవాటైన గుర్రానికి బిగపట్టిన పగ్గం బ్రేకు కాదు. దాని మీద ఆని ఇంకా వేగం పెంచుతుంది. మీరు భయపడి లాగుతారు, అది వేగం పెంచుతుంది, మీ భయం ఇంకా పెరుగుతుంది. ఈ చక్రం తెగనంత కాలం క్యాంటర్ చేసి లాభం లేదు.

దాన్ని తెంచడానికి నాకు తెలిసిన మంచి దారి తాడు మీద క్లాసు. ఇన్‌స్ట్రక్టర్ మధ్యలో నిలబడి పొడవాటి తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతారు. వేగం, దిశ వాళ్ళ చేతిలో ఉంటాయి. మీరు కూర్చోవడం ఒక్కటే చూసుకోవాలి. ఇది కొత్తవాళ్ళ పాఠమని చిన్నతనంగా అనుకోకండి. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో చేరినవాళ్ళకి కూడా మొదట్లో నెలల తరబడి ఇదే శిక్షణ, అదీ స్టిరప్‌లు (పాదాలు ఆనించుకునే రికాబులు) లేకుండా. మీరు స్టిరప్‌లు ఉంచుకునే చేయండి. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట చాలు. అంతకుమించితే గుండ్రంగా తిరిగీ తిరిగీ గుర్రం కీళ్ళు అలిసిపోతాయి.

గుర్రం మెడకి ఒక పట్టీ కట్టమని అడగండి. పాత స్టిరప్ తోలు పట్టీ చాలు. భయమేసినప్పుడు వేళ్ళు దేన్నో ఒకదాన్ని పట్టుకుంటాయి, ఆపలేం. పట్టీ ఉంటే దాన్ని పట్టుకుంటాయి, గుర్రం నోటికి నొప్పి ఉండదు. ఇక ఊపిరి. "గాలి పీల్చుకోండి" అంటారు అందరూ, నిజానికి వదలడమే కష్టం. అందుకని గట్టిగా పైకి లెక్కపెట్టండి, లేదా మీకు వచ్చిన కీర్తన ఏదైనా పాడుకోండి. గొంతు పలుకుతుంటే ఊపిరి బిగపట్టలేరు. సిగ్గుపడకండి, గుర్రానికి కూడా అది ఇష్టమే.

మీ దడ గుర్రానికి తెలుస్తుందా అంటే తెలుస్తుంది. స్వీడన్ పరిశోధకులు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. గుర్రం మీద వెళ్ళేవాళ్ళకి, చేత్తో నడిపించేవాళ్ళకి "ఈసారి మీరు వెళ్ళేటప్పుడు గొడుగు ఠక్కున తెరుస్తాం" అని చెప్పారు. గొడుగు తెరవనేలేదు. అయినా మనుషుల గుండె వేగంతోపాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది. మీ ఊపిరి కుదురుకుంటే దానికీ కుదురు వస్తుంది.

జవాబు (మల్లేశ్వరం నుంచి, ఫిజియోథెరపిస్టును)

డాక్టరు ఎక్కొచ్చన్నారు కాబట్టి చేతి గురించి రెండే మాటలు. రెండు చేతుల పట్టు బలం సమానంగా ఉందో లేదో చూసుకోండి. విరిగిన చెయ్యి నీరసంగా ఉంటే తెలియకుండానే ఆ పక్క పగ్గం వదులై, రెండో పక్క ఎక్కువ లాగుతారు. ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకునే అలవాటు చేసుకుంటే తుంటి, నడుము కండరాలకి చాలా మంచిది.

పడేటప్పుడు చెయ్యి చాచి నేలని ఆపబోవడం అందరూ చేసేదే. మణికట్టు, కాలర్ బోన్ ఎక్కువగా విరిగేది అలాగే. పగ్గాలు వదిలేసి, చేతులు ఛాతీకి దగ్గరగా ముడుచుకుని, గుర్రానికి దూరంగా దొర్లాలి. దీన్ని చదివి నేర్చుకోలేం. ఇంట్లో చాప మీద, మెత్తటి పరుపు మీద నెమ్మదిగా దొర్లడం ప్రాక్టీస్ చేయండి.

ఇంకోటి. గుర్రాలున్న మట్టిలో, పేడలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. టెటనస్ బూస్టర్ తీసుకుని పదేళ్ళు దాటితే ముందు అది వేయించుకోండి.

జవాబు (కోరమంగళ నుంచి)

గుర్రం మార్చాలా అన్నదానికి నా సమాధానం: వద్దు. నేను కూడా పడ్డాను, ఆ గుర్రంతోనే మళ్ళీ కుదురుకున్నాను. మారిస్తే దాని మీద భయం అలాగే మిగిలిపోతుంది. తప్పు దానిది కాదు కదా, టార్పాలిన్‌ది.

జవాబు (యలహంక నుంచి)

కోరమంగళవారితో నేను సగమే ఏకీభవిస్తాను. తప్పు గుర్రానిది కాదు, నిజమే. దాని కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి ముక్కు ముందు, తోక వెనక కొద్దిపాటి మేర తప్ప దాదాపు చుట్టూ, సుమారు 350 డిగ్రీల మేర దానికి కనిపిస్తుంది. ఏదో ఒక మూల కదిలితే చాలు, ముందు పారిపోయి తర్వాత చూస్తుంది. లక్షల ఏళ్ళుగా పులుల నుంచి, తోడేళ్ళ నుంచి దాన్ని కాపాడింది ఆ గుణమే. ఎండలోంచి నీడలోకి వచ్చినప్పుడు దాని కళ్ళు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది, అప్పుడు కూడా తేలిగ్గా బెదురుతుంది.

కానీ మొదటి కొన్ని వారాలు మాత్రం స్కూల్లో అన్నిటికంటే నెమ్మదైన, వయసు మళ్ళిన గుర్రాన్ని అడగండి. ఏ గుర్రం ఎలాంటిదో సైస్‌కి (గుర్రాల్ని చూసుకునే మనిషికి) తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. "అన్నా, ఏది బెదరదు?" అని ఆయన్నే అడగండి. పాత గుర్రాన్ని వదిలేయమని కాదు. కొంచెం ముందుగా వెళ్ళి దానికి ఖరారా (గుర్రాన్ని రుద్దే దువ్వెన) పట్టండి, డెక్కలు శుభ్రం చేయడం చూడండి, చేత్తో పట్టుకుని అరేనా అంతా నడిపించండి. ఆ టార్పాలిన్ దగ్గరికి కూడా తీసుకెళ్ళి, అది మెడ చాచి వాసన చూసేదాకా ఆగండి. నేల మీద ఉండి చూస్తే అది బెదిరే ముందు ఏం చేస్తుందో మీకు తెలిసిపోతుంది. మెడ పైకి లేస్తుంది, చెవులు రెండూ ఒకే దిక్కుకి బిగుసుకుంటాయి, ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టు ఉంటుంది, ముక్కుతో బుస కొడుతుంది. ఇది గుర్తుపట్టడం వస్తే మీద ఉన్నప్పుడు ఆ క్షణంలోనే మాట్లాడుతూ మెల్లగా పక్కకి తిప్పగలరు. భయం ఎక్కువగా తగ్గేది ఇలాంటి చోటే. ఏం జరగబోతోందో ముందుగా తెలిసినవాళ్ళకి అది ఉపద్రవంలా అనిపించదు.

జీను కింద నడుం మీద పుండు గానీ నొప్పి గానీ ఉన్న గుర్రం కూడా తేలిగ్గా గెంతుతుంది. చూడమని అడగడంలో మొహమాటం వద్దు. ఎక్కేముందు గర్త్ బెల్టు (జీనుని పొట్ట కింద నుంచి బిగించే పట్టీ) చూసుకోండి, కాసేపు నడిచాక మళ్ళీ చూసుకోండి. బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి, నడిచాక వదులవుతుంది.

అడిగినవారు

చాలా థాంక్స్ అండి. ఇంకో రెండు అడగాలి. ఇన్‌స్ట్రక్టర్ మంచివారే గానీ, క్లాసులో అందరి ముందు "కమాన్, క్యాంటర్" అంటే కాదనలేకపోతున్నాను. ఆయనకి ఎలా చెప్పాలి? రెండోది, రాత్రి పడుకోబోతుంటే పడ్డ క్షణం కళ్ళ ముందు తిరుగుతోంది. క్లాసు ముందు రోజు ఇంకా ఎక్కువ.

జవాబు (యలహంక నుంచి)

గుర్రం మీద కూర్చున్నాక చెప్పకండి, అప్పుడు కుదరదు. ముందు రోజే ఫోన్ చేయండి. "సర్, నేను మానడం లేదు. ఈ నెల నాకు తాడు మీద క్లాసు, నెమ్మదైన గుర్రం కావాలి. ట్రాట్ ఎప్పుడు ఆపాలో నేను చెబుతాను, క్యాంటర్ సంగతి నేనే ఎత్తుతాను." ఇంతే. మంచి ఇన్‌స్ట్రక్టర్ అయితే సంతోషిస్తారు, ఏం కావాలో స్పష్టంగా చెప్పే స్టూడెంట్ దొరకడమే అరుదు. ఒప్పుకోకపోతే స్కూల్లో ఇంకొకరి దగ్గర క్లాసు అడగండి. అందరితో కలిసి కాకుండా కొన్నాళ్ళు విడిగా చేస్తే ఇంకా మంచిది.

ట్రాట్ మొదలుపెట్టేటప్పుడు అరేనా మొత్తం తిరగొద్దు. పొడుగు వైపు ఒక మూల నుంచి రెండో మూల దాకా, అక్కడ మళ్ళీ వాక్. చూపు చెవుల మధ్య నుంచి ముందుకి, ఆ మూల మీద ఉండాలి. ఎక్కడ ఆగుతుందో ముందే తెలిస్తే ఒళ్ళు బిగుసుకోదు. ప్రతిసారీ మీ టెన్షన్‌కి పదికి ఎంతో మనసులో వేసుకోండి. మూడు నాలుగు ఉంటే కొనసాగించండి. ఆరు దాటితే ఒక మెట్టు దిగి వాక్‌కి రండి, వాక్‌లో బాగా చేసి అక్కడితో ఆపేయండి. మెట్టు దిగిన రోజు వృథా అయినట్టు కాదు. ఆపడం తన చేతిలోనే ఉందని ఒంటికి తెలిసేది ఆ రోజే.

ఎమర్జెన్సీ డిస్‌మౌంట్ కూడా నేర్పమనండి. రెండు కాళ్ళూ స్టిరప్‌లలోంచి తీసేసి, ముందుకి వంగి, ఒక్క ఊపులో కిందికి దిగడం. ముందు నిలబడ్డ గుర్రం మీద, తర్వాత వాక్‌లో. కావాలనుకుంటే దిగిపోగలనన్న నమ్మకం వస్తే పైన కూర్చోవడం తేలికవుతుంది.

జవాబు (మల్లేశ్వరం నుంచి, ఫిజియోథెరపిస్టును)

రాత్రి కళ్ళ ముందు తిరగడం దెబ్బ తగిలిన కొత్తలో చాలామందికి ఉంటుంది, మెల్లగా తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే, నిద్ర చెడిపోతుంటే, రోడ్డు మీద హారన్ మోగినా ఉలిక్కిపడుతుంటే సైకాలజిస్టుని కలవండి. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416 ఉంది. 2022లో మొదలైంది, మన నిమ్‌హాన్స్ వాళ్ళే దానికి ముఖ్య కేంద్రం. తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం.

జవాబు (కోరమంగళ నుంచి)

అన్నట్టు, పడ్డప్పుడు పెట్టుకున్న హెల్మెట్టే ఇంకా వాడుతున్నారా?

అడిగినవారు

అవునండి. తల నేలకి తగిలింది గానీ పైన గీత కూడా పడలేదు. ఫర్వాలేదని స్కూల్లో కూడా అన్నారు.

జవాబు (కోరమంగళ నుంచి)

మార్చేయండి, ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినొద్దు. లోపలి థర్మాకోల్ లాంటి నురగ నలిగి దెబ్బని తను తీసుకుంటుంది. ఒకసారి నలిగితే మళ్ళీ లేవదు, పైకి చూస్తే తెలియదు. కొనేటప్పుడు లోపలి లేబుల్ మీద ఏఎస్‌టీఎం ఎఫ్1163 గానీ ఈఎన్ 1384 గానీ పీఏఎస్ 015 గానీ అన్న భద్రతా ప్రమాణం ఉందేమో చూడండి. సైకిల్ హెల్మెట్, స్కూటర్ హెల్మెట్ దీనికి పనికిరావు. పెట్టుకుని బకిల్ వేయకుండా తల ఊపితే నుదుటి చర్మం దాంతోపాటు కదలాలి, హెల్మెట్ జారకూడదు. బాడీ ప్రొటెక్టర్ (ఛాతీని, వీపుని కాపాడే మందపాటి జాకెట్) కూడా కొనుక్కోండి. అది ఒంటి మీద ఉంటే నాకు భయం సగం తగ్గింది.

అడిగినవారు (కొన్ని వారాల తర్వాత)

మీ అందరికీ చెప్పాలని వచ్చాను. కొత్త హెల్మెట్ కొన్నాను. ఫోన్ చేసి చెప్పగానే ఇన్‌స్ట్రక్టర్ ఒప్పుకున్నారు. తాడు మీద క్లాసులో పైకి లెక్కపెడుతూ చేశాను. ఇప్పుడు పొడుగు వైపు ట్రాట్‌లో పగ్గాలు బిగపట్టడం లేదు, గుర్రం తల దించుకుని హాయిగా నడుస్తోంది. క్యాంటర్ ఇంకా అడగలేదు. కానీ గాలి ఎక్కువగా ఉన్న రోజు మాత్రం మళ్ళీ మొదటికొస్తోంది. అలాంటి రోజు వెళ్ళాలా వద్దా?

జవాబు (యలహంక నుంచి)

చాలా సంతోషమమ్మా. గాలి రోజున వెళ్ళండి, కానీ ఎక్కాలని నియమం పెట్టుకోకండి. చేత్తో నడిపించండి, అది తల దించి నెమ్మదిగా ఉంటే అప్పుడు తాడు మీద కాసేపు ఎక్కండి. గాలి తక్కువగా ఉండే తొలి బ్యాచ్ దొరికితే దానికి మారండి. దీపావళి టపాకాయల రోజుల్లో మాత్రం ఎక్కొద్దు. మీ స్కూలు మా వైపే అయితే, ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగే ఏడు ఫిబ్రవరిలో రిహార్సల్ వేళలు ముందే కనుక్కోండి. ఆ జెట్ విమానాల మోతకి మా దగ్గర ముసలి గుర్రాలు కూడా నిలవవు.