యాసంగి ఎండల్లో మధ్యాహ్నం స్ప్రే డ్రోన్ ఎగరేయాలా, వద్దా?

హన్మకొండ_ఓనర్: మార్చి ఆఖరుకే 40 దాటుతున్నది. మధ్యాహ్నం ఎగరేయమంటే పైలట్లు వద్దంటున్నరు. 10 లీటర్ల డ్రోన్‌కు అంత భయమెందుకు? నన్నడిగితే ఎండలకన్నా చలికాలం పొద్దుగాలనే డ్రోన్లు ఎక్కువ కూలుతయి.

గాలిపంకా: 12 డిగ్రీల గాలికన్నా 42 డిగ్రీల గాలి సుమారు 10 శాతం పలుచన. అదే బరువు మోయాలంటే మోటార్లు 5 శాతం ఎక్కువ వేగంతో తిరగాలె. ఈఎస్‌సీలను (మోటార్ల వేగం నడిపే సర్క్యూట్లను) చల్లబరచాల్సింది కూడా ఆ వేడిగాలే. నిండు ట్యాంకు వద్దు, 7 లీటర్లు పోయండి.

హన్మకొండ_ఓనర్: 5 శాతమేనా? దానికింత లొల్లా!

గాలిపంకా: అది మోటారు లెక్క. అసలు దెబ్బ బ్యాటరీకి. ఎగిరే ముందే 42 ఉన్నది, దిగేసరికి 60 దగ్గరికి పోతది. చార్జింగ్‌కు 45 దాటొద్దు. అట్లనే జనరేటర్ మీద పెడితే ఉబ్బుతది. నీడకు, గాలి తగిలేకాడ ఉంచి 40 లోపు వచ్చినంకనే పెట్టాలె. తడిగుడ్డ కప్పొద్దు, కనెక్టర్లలోకి నీళ్లు దిగుతయి.

పత్తిచేను: ఉబ్బిన ప్యాక్‌కు టేపు చుట్టి ఎగరేసేటోళ్లున్నరు. దండం.

ఉట్నూర్_చలి: చలి సంగతి ఓనర్ అన్న చెప్పింది నిజమే, ఎండ కారణం వేరే, చలి కారణం వేరే. 8 డిగ్రీలకు బ్యాటరీ లోపల రెసిస్టెన్స్ పెరుగుతది. నేల మీద సెల్‌కు 4.2 వోల్టులు చూపిస్తది, బరువుతో లేవంగనే 3.5 కిందికి జారుతది. రాత్రంతా ఇంట్లో థర్మాకోల్ పెట్టెల ఉంచి, 20 డిగ్రీలున్నప్పుడే బిగించాలె. 2 మీటర్ల ఎత్తుల ఒక నిమిషం నిలబెట్టి, వోల్టేజ్ కుదురుకున్నంకనే సాలు పట్టాలె. 5 డిగ్రీల కింద చార్జింగ్ అసలే వద్దు. సెల్ లోపల లిథియం పేరుకుంటది, ఆ నష్టం మళ్ల పూడదు.

హన్మకొండ_ఓనర్: ఇవన్నీ పైలట్లు చూసుకోవాలె. సెల్ వోల్టేజ్ చూడరు, అలారం మోగేదాకా నడుపుతరు. బ్యాటరీ పోతే జేబు ఎవరిది?

జీతం_పైలట్: రెండు బ్యాటరీ సెట్లిచ్చి దినానికి 20 ఎకరాలు కొట్టమంటే ఎట్ల సల్లార్చాలన్నా? సెట్‌కు ఎకరం, ఎకరంన్నర. సల్లారెతందుకు అరగంట, చార్జింగ్‌కు ఇంకో అరగంట. ఆరు సెట్లుంటే నడుస్తది. ఒకకాడ ఉబ్బిన సెట్ పైసలు నా జీతంల కోసిన్రు. ఎండ పేరు, చలి పేరు ఎందుకు, సెట్ల ముచ్చట మాట్లాడుండ్రి.

హన్మకొండ_ఓనర్: ఆరు సెట్లు కొంటే ఎకరం రేటు పెంచాలె. రైతు ఒప్పుకుంటడా?

గాలిపంకా: మరి సగం కాలానికే పోయే బ్యాటరీలు ఎవరి రేటులో కలుస్తయి? అవి మీ లెక్కల లేవు.

పత్తిచేను: నేను రైతునే. మధ్యాహ్నం నాకే వద్దు. సన్న తుంపర ఆకు మీద పడకముందే ఆరిపోతది, గాలికి పక్క పొలంల పడ్తది. 6 నుంచి 9:30 దాకా కొట్టుండ్రి, సాయంత్రం 4:30 తర్వాత మళ్ల రాండ్రి.

హన్మకొండ_ఓనర్: ఊరంతా ఆ టైమే అడుగుతున్నది. ఉన్నది ఒక్క డ్రోన్.

జీతం_పైలట్: పైలట్ కూడా ఒక్కడే అన్నా.