పాకిస్తాన్ తొలి పదేళ్లు: ఖాళీ ఖజానా ముంచిందా, ఢాకాలో అన్న మాట ముంచిందా?

గోదారిగట్టు:

ఆదివారం మా కాలనీ గ్రంథాలయంలో ఒక పెద్దాయనతో మొదలైన వాదన ఇంటికొచ్చినా నన్ను వదల్లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను. ఆయన అనేది ఇది: పాకిస్తాన్‌కు పుట్టిన రోజు నుంచే ఊపిరాడలేదు. రావాల్సిన డబ్బు రాలేదు, కాలువల్లో నీళ్లు ఆగిపోయాయి, లక్షల మంది కట్టుబట్టలతో వచ్చిపడ్డారు, పదమూడు నెలలకే జిన్నా పోయాడు. అలాంటి దేశం సైన్యం చేతిలోకి పోక ఏమవుతుంది అని.

ఈ కష్టాల్లో ఒక్కటీ నేను కాదనను. 1947 ఆగస్టులో కరాచీలో జెండా ఎగిరేనాటికి ఆ ప్రభుత్వానికి సరైన ఆఫీసులే లేవు. రేకుల షెడ్లలో పనిచేశారు. గుండుసూదులు లేక కాగితాలను తుమ్మముళ్లతో గుచ్చేవాళ్లమని ఆనాటి ఉద్యోగులు చెప్పుకునేవారు. కానీ ఆ ముళ్లతో కూడా ప్రభుత్వం నడిచింది కదా! మరి 1958 అక్టోబరులో, కాస్త సర్దుకున్నాక, ఎందుకు కూలి సైన్యం చేతిలోకి పోయింది?

నాకు తోచిన జవాబు 1948 మార్చి 21న ఢాకా రేస్‌కోర్సు మైదానంలో ఉంది. ఢాకా అప్పుడు పాకిస్తాన్ తూర్పు భాగమైన తూర్పు బెంగాల్‌లో, అంటే నేటి బంగ్లాదేశ్‌లో ఉండేది. దేశానికి రాజభాష ఉర్దూ ఒక్కటే, ఇంకేదీ కాదు అని జిన్నా అక్కడ చెప్పాడు. అప్పటి పాకిస్తాన్ జనాభాలో సగానికి పైగా బెంగాలీలు. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. జిన్నా ఇంటిభాష గుజరాతీ, ఆ రోజు ప్రసంగం చేసింది ఇంగ్లీషులో. ఖజానా నిండింది, నీళ్లు తిరిగి వచ్చాయి. ఈ మాటను మాత్రం ఎవరూ సమయానికి వెనక్కి తీసుకోలేకపోయారు.

మీరేమంటారు?

లెక్కలమాస్టారు:

గోదారిగట్టు గారూ, కష్టాలన్నిటినీ ఒక్క పేరాలో దాటేశారు. అది అంత తేలికైన సంగతి కాదండి.

ఉమ్మడి దేశం నగదు నిల్వ సుమారు 400 కోట్లు. పాకిస్తాన్ వాటా 75 కోట్లు. మొదట చేతికొచ్చింది 20 కోట్లే. మిగతా 55 కోట్లు కశ్మీర్ యుద్ధం కారణంగా ఢిల్లీ ఆపింది. 1948 జనవరి 13న గాంధీజీ నిరాహారదీక్షకు కూర్చుంటే, 15న ఇస్తామన్నారు. ఆ మధ్య నెలల్లో జీతాలెలా ఇవ్వాలన్న టెన్షన్ ఎంతదో ఊహించండి. సొంత కేంద్ర బ్యాంకు లేదు. 1948 జూన్ ఆఖరుదాకా మన రిజర్వు బ్యాంకే వాళ్లకూ దిక్కు. మన నోట్ల మీదే పాకిస్తాన్ ప్రభుత్వం అని అదనంగా అచ్చువేయించి వాడుకున్నారు.

ఆపైన నీళ్లు. 1948 ఏప్రిల్ 1న తూర్పు పంజాబ్ ప్రభుత్వం లాహోర్ వైపు, దీపాల్‌పూర్ వైపు పోయే కాలువలు కట్టేసింది. ముందురోజుతో ఆస్తుల పంపకాల మధ్యవర్తి సంఘం గడువు ముగిసింది, మర్నాడే తూములు మూశారు. మే 4న ఒప్పందం కుదిరేదాకా అక్కడి రైతు ఆకాశం వైపు చూడాల్సిందే. కృష్ణా డెల్టాలో కాలువ వారం ఆలస్యమైతే మనం పడే బాధ గుర్తుకు తెచ్చుకోండి.

ఇక శరణార్థులు. 1951 జనాభా లెక్కల్లో సరిహద్దు దాటి వచ్చినవాళ్లు 70 లక్షలకు పైగా తేలారు. 1941లో 5 లక్షల లోపున్న కరాచీ పదేళ్లలో 10 లక్షలు దాటింది. ఆయుధ కర్మాగారాలన్నీ మన వైపే ఉండిపోయాయి. అందుకని బడ్జెట్లో సగానికి పైగా రక్షణకే పోసుకున్నారు. డబ్బంతా ఒకే చోట పోస్తే ఆ చోటే బలపడుతుంది. సైన్యం పెత్తనం అక్కడి నుంచి వచ్చింది కానీ, భాష నుంచి కాదు.

చార్మినార్‌పక్కన:

మాస్టారూ, మీ డబ్బు లెక్కలో మా ఊరి డబ్బు మర్చిపోయారు. 55 కోట్లు ఆగిపోయిన సమయంలోనే నిజాం ప్రభుత్వం పాకిస్తాన్‌కు 20 కోట్ల అప్పు ఇచ్చింది, భారత ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో. 1947 నవంబర్ 29న ఢిల్లీతో చేసుకున్న యథాతథ ఒప్పందానికి ఇది విరుద్ధమని గొడవైంది. తర్వాత 1948 సెప్టెంబరులో లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు పంపిన 10 లక్షల పౌండ్ల కేసు 2019దాకా నడిచింది. అది పెరిగి పెరిగి సుమారు 3.5 కోట్ల పౌండ్లయింది. చివరికి లండన్ కోర్టు భారత్‌కూ నిజాం వారసులకూ అనుకూలంగా తీర్పు ఇచ్చింది.

మా ఇంట్లో ఆ వారం గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటారు. సెప్టెంబర్ 11న కరాచీలో జిన్నా చనిపోయాడు. విమానాశ్రయం నుంచి తీసుకొస్తుంటే అంబులెన్స్ దారిలో ఆగిపోయింది. దేశాధినేతను మోసుకెళ్లే బండి పరిస్థితి అది. రెండు రోజులకు, 13న, భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. మా దాదా అన్నగారు ఆ తర్వాత కరాచీ వెళ్లిపోయారు, అక్కడి హైదరాబాద్ కాలనీలో ఉండేవారు. అక్కడ ఉర్దూ మనదే కదా, ఏ ఇబ్బందీ ఉండదు అనుకుని వెళ్లారట. మిగతావాళ్లకు ఆ భాష ఎలా ఉంటుందన్న ఆలోచనే తట్టలేదని పెద్దయ్యాక ఉత్తరంలో రాశారు. నేను ఆ ఉత్తరం చదివాను. అందుకే గోదారిగట్టు అన్న చెప్పిన దాంట్లో పస ఉందనిపిస్తోంది.

నారబస్తా:

విజయనగరం వైపు జూట్ మిల్లులో మా నాన్నగారు పనిచేశారు కాబట్టి ఈ ముక్క చెప్పగలను. ప్రపంచంలోకెల్లా మంచి జనపనార తూర్పు బెంగాల్‌లో పండేది. మిల్లులన్నీ కలకత్తా చుట్టూ హుగ్లీ ఒడ్డున. గీత గీసేసరికి నార ఒక దేశంలో, మగ్గం ఇంకో దేశంలో. 1949 సెప్టెంబరులో మన రూపాయి విలువ తగ్గించారు, పాకిస్తాన్ తగ్గించలేదు. రెండు దేశాల మధ్య వ్యాపారం ఆగిపోయింది. వాళ్లకు బొగ్గు లేదు, మనకు నార లేదు. మరుసటి ఏడు కొరియా యుద్ధం వచ్చి నార ధర ఆకాశానికి పోయింది కాబట్టి వాళ్లు గట్టెక్కారు. నారాయణ్‌గంజ్‌లో ఆదంజీ మిల్లు 1951లో తిరగడం మొదలైంది.

అంటే పాకిస్తాన్‌ను ఒడ్డున పడేసిన డాలర్లు చాలావరకు బెంగాలీ రైతు మోకాలిలోతు నీళ్లలో నిలబడి కోసిన నార నుంచి వచ్చాయి. ఖర్చు పెట్టింది కరాచీ. మాస్టారు చెప్పిన డబ్బు, గోదారిగట్టు గారు చెప్పిన భాష వేరువేరు కాదని నా అభిప్రాయం. ఆ రైతు కొడుకుకు మనియార్డర్ ఫారం మీద, స్టాంపు మీద తన అక్షరం కనపడలేదు.

గోదారిగట్టు:

నారబస్తా గారూ, మనియార్డర్ ఫారం సంగతి బాగా గుర్తుచేశారు. ఢాకా విద్యార్థుల కోపం మొదలైంది అలాంటి వాటితోనే. ఉద్యోగం రావాలంటే ఉర్దూ రావాలి అన్నప్పుడు, ఒక్క రోజులో ఒక జాతి మొత్తాన్ని చదువురాని వాళ్లుగా మార్చినట్టే.

మాస్టారూ, సైన్యానికి డబ్బు పోసినందుకు సైన్యం పెరిగిందన్నారు. ఒప్పుకుంటాను. కానీ 1958కి ముందే ఆ ఇల్లు లోపల నుంచి కూలింది, కూల్చింది సైనికులు కాదు. 1951 అక్టోబర్ 16న రావల్పిండి సభలో ప్రధాని లియాఖత్ అలీ ఖాన్‌ను కాల్చి చంపారు. 1953 ఏప్రిల్‌లో గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ ప్రధాని నజీముద్దీన్‌ను ఇంటికి పంపేశాడు. ఈ గులాం మహమ్మద్ అంతకుముందు నిజాం కొలువులో ఆర్థికమంత్రిగా చేసినవాడే. 1954 అక్టోబర్ 24న ఏకంగా రాజ్యాంగ సభనే రద్దు చేశాడు. అప్పటికి రాజ్యాంగం ముసాయిదా దాదాపు సిద్ధంగా ఉంది. సభాధ్యక్షుడు తమీజుద్దీన్ ఖాన్, ఆయన బెంగాలీయే, కోర్టుకెక్కాడు. సింధ్ కోర్టులో గెలిచాడు. ఫెడరల్ కోర్టులో జస్టిస్ మునీర్ ఆ తీర్పును తిప్పేశాడు. అప్పటికి సాధారణ ఎన్నిక అనేది ఒక్కటీ జరగలేదు. జరిగింది 1970 డిసెంబరులో, అంటే 23 ఏళ్లకు.

ఎందుకు జరపలేదు? నాకు అర్థమైనంతలో, ముస్లింలీగ్ పెద్దల్లో చాలామంది ఉత్తరప్రదేశ్, బొంబాయి వైపు మనుషులు. వాళ్లకు ఓటేసే ఊళ్లు సరిహద్దుకు ఇవతల ఉండిపోయాయి. కొత్త దేశంలో తమదని చెప్పుకునే ఒక్క తాలూకా కూడా లేదు. లియాఖత్ సాహెబ్ రాజ్యాంగ సభకు తూర్పు బెంగాల్ సీటు నుంచి వెళ్లినవాడు. ఎన్నికలు పెడితే తలల లెక్క వస్తుంది. 1951 లెక్కల్లో తూర్పున 4.2 కోట్లు, పడమర 3.4 కోట్లు. ఆ లెక్కను చూసే భయపడ్డారు. భాషను తొక్కడం, ఎన్నికలు వాయిదా వేయడం రెండూ ఆ భయం నుంచే వచ్చాయి. ఆ భయం నిజమని 1954 మార్చిలో తేలింది. తూర్పు బెంగాల్ శాసనసభకు ఎన్నికలు పెడితే, ముస్లిం ఓటర్లకు కేటాయించిన 237 సీట్లలో, ముస్లింలీగ్‌కు ఎదురు నిలిచిన పార్టీల ఐక్య కూటమికి 223 వచ్చాయి. దేశాన్ని తెచ్చిన పార్టీకి పది దాటలేదు. ముఖ్యమంత్రి అయిన ఫజ్లుల్ హక్‌ను రెండు నెలలైనా ఉండనివ్వలేదు, మే 30న తీసేశారు. ఈ పని ఖజానా ఖాళీ కావడం వల్ల చేశారా మాస్టారూ?

పోరుతెలంగాణ:

ఢాకాలో విద్యార్థుల మీద కాల్పులు జరిగింది 1952 ఫిబ్రవరి 21న. బర్కత్, రఫీఖ్, జబ్బార్, సలాం లాంటి పిల్లలు పోయారు. అదే ఏడాది డిసెంబర్ 15న మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు పోయారు. ఇక్కడ చాలామంది ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి, చూశారా మనం భాషను గౌరవించాం, వాళ్లు గౌరవించలేదు అంటారు. నేను అంత సుఖంగా అనలేను. 58 రోజులు ఆయనను అలా వదిలేశారు. కాకపోతే నాలుగు రోజుల్లో నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. అక్కడ రెండేళ్లకుగానీ రాజ్యాంగ సభ బెంగాలీని ఒప్పుకోలేదు, రాజ్యాంగంలో రాసింది 1956లో.

కానీ ఆ రెండు తేదీల మధ్య ఇంకోటి ఉంది. 1952 సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర ముల్కీ ఉద్యమంలో పోలీసు కాల్పులు. అక్కడ గొడవ భాష కోసం కాదు, ఉద్యోగాల కోసం. తెలుగు తెలుగు ఒకటే అన్నవాళ్లు కూడా 2014లో రెండు రాష్ట్రాలయ్యారు. అందుకని భాషే అన్నిటికీ మూలం అంటే నేను ఒప్పుకోను. వాటా దక్కకపోతే ఒకే భాష ఉన్నా నిలవదు. తూర్పు బెంగాల్ సైన్యంలో లేదు, పెద్ద ఉద్యోగాల్లో లేదు. గోదారిగట్టు అన్న చెప్పిన తలల లెక్క ఉంది చూడండి, అసలు సంగతి అదే. మన దగ్గర ఆ లెక్క ప్రతి ఐదేళ్లకూ వేశారు కాబట్టి కోపం ఓటు పెట్టెలోకి పోయింది.

లెక్కలమాస్టారు:

తలల లెక్క దగ్గర నేను తగ్గుతాను. ఎన్నికలు పెట్టకపోవడానికి ఖజానా కారణం కాదు. మన దేశమూ అప్పుడు పేదదే, శరణార్థులు మనకూ వచ్చారు, అయినా 1951-52లో ఎన్నికలు జరిపాం.

కానీ ఒకటి మాత్రం వదులుకోను. భయపడిన నాయకులు అన్నారు. ఆ భయాన్ని పెంచింది బయటి వాతావరణం. పక్కన యుద్ధం, 1949 జనవరి 1న కాల్పుల విరమణ అయినా తగ్గని అనుమానం. అలాంటప్పుడు వేరే భాష కావాలన్న ప్రతివాడూ దేశాన్ని చీల్చేవాడిలా కనపడతాడు. ఇది వాళ్లను సమర్థించడం కాదండి. మనిషి భయంలో ఏం చేస్తాడో చెబుతున్నాను. 1947 ఆగస్టు 11న ఇదే జిన్నా రాజ్యాంగ సభలో, గుడికి వెళ్లే స్వేచ్ఛ, మసీదుకు వెళ్లే స్వేచ్ఛ అందరికీ ఉంటుంది, మతంతో రాజ్యానికి పనిలేదు అన్నాడు. ఆ సభ తొలి సమావేశానికి తాత్కాలిక అధ్యక్షుడు దళిత నాయకుడు జోగేంద్రనాథ్ మండల్. ఆయనే మొదటి న్యాయశాఖ మంత్రి. 1950లో ఆ మండలే తూర్పు బెంగాల్ హిందువుల మీద జరిగినవి భరించలేక రాజీనామా చేసి కలకత్తా వచ్చేశాడు. ఆగస్టులో ఆ మాట అన్న మనిషి ఏడు నెలలకు ఢాకాలో ఈ మాట ఎలా అన్నాడు? దీనికి మీ దగ్గర జవాబుందా?

గోదారిగట్టు:

పూర్తి జవాబు లేదు మాస్టారూ. ఒక్క దేశం, ఒక్క గొంతు ఉంటేనే బతుకుతామని ఆయన నిజంగా నమ్మాడని నేననుకుంటాను. అప్పటికే ఆయన జబ్బు మనిషి. బయటి భయం పాత్ర ఉందన్న మీ మాటా తీసుకుంటున్నాను. కానీ ఆ భయంలో కూడా వేరే దారి చూపించిన మనిషి ఆ సభలోనే ఉన్నాడు. జిన్నా ఢాకా వెళ్లడానికి నెల ముందు, 1948 ఫిబ్రవరిలో, కొమిల్లాకు చెందిన ధీరేంద్రనాథ్ దత్తా ఒక చిన్న సవరణ పెట్టాడు. ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు సభలో బెంగాలీ కూడా వాడనివ్వండి అని. ఉర్దూను తీసేయమనలేదు. లియాఖత్ గట్టిగా ఎదిరించాడు, సవరణ వీగిపోయింది.

చార్మినార్‌పక్కన:

ఆ దత్తా గారు తర్వాత మండల్‌లాగే ఇటు వచ్చేశారా?

గోదారిగట్టు:

లేదు సోదరా, రాలేదు. అక్కడే ఉన్నారు. కొంతకాలం తూర్పు పాకిస్తాన్‌లో మంత్రిగా కూడా చేశారు. 1971 మార్చి 29 రాత్రి సైన్యం కొమిల్లాలో ఆయన ఇంటికి వచ్చి, ఆయననూ కొడుకునూ కంటోన్మెంటుకు తీసుకుపోయింది. ఇద్దరూ తిరిగి రాలేదు. అప్పటికి ఆయన వయసు 84.