బనియను నేసేదా, అల్లేదా?

నిన్న గ్రూపులో వచ్చిన ప్రశ్న: "తిరుపూరు నిట్‌వేర్ వర్కర్స్ అన్నదాన్ని తెలుగులో ఎలా రాయాలి? నేత కార్మికులు అంటే సరిపోతుందా?" తిరుపూరు తమిళనాడులో బనియన్ల తయారీకి పేరుపడ్డ ఊరు, నిట్‌వేర్ అంటే బనియన్ల లాంటి బట్టలు. అడిగిన చెల్లెలు ఇక్కడే హైదరాబాద్‌లో ఒక పత్రిక డెస్కులో పని చేస్తుందట. కింద చాలామంది "సరిపోతుంది, బట్టే కదా" అని జవాబిచ్చారు. సరిపోదమ్మా. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను.

ఇంట్లో ఉన్న మామూలు బనియను ఒకటి తీసి తిరగేసి చూడండి. చాలావాటికి పక్కన కుట్టు ఉండదు. బట్ట మిషను మీద గొట్టంలాగే దిగుతుంది, భుజాలూ చంకలూ కత్తిరించి కుడతారు. ఇంకా దగ్గరగా చూస్తే పైవైపు నిలువుగా సన్నని జడల వరసలు, లోపలివైపు అడ్డంగా చిన్న చిన్న వంపులు కనిపిస్తాయి. నేతలో ఉండే నిలువు పోగులు (పడుగు) లేవు, అడ్డ పోగులు (పేక) లేవు. దారం మెలిక తిరిగి, అంతకుముందు పడ్డ మెలికలోంచి దూరి, అలా పోతూనే ఉంటుంది. అందుకే సాగుతుంది. అందుకే ఒకచోట తెగితే వరసంతా ఊడుకుంటూ వస్తుంది. చీరలో పోగు తెగితే ఆ ఒక్క పోగే పోతుంది. కాబట్టి ఇది నేత కాదు, అల్లిక.

మాట మన దగ్గర లేకపోలేదు. కానీ దానికి మనం ఇచ్చిన చోటు చాలా చిన్నది. నేతకు మగ్గం, నాడె, కండె, ఆసు, పన్నె అని వృత్తిలోంచి పుట్టిన మాటలు బోలెడు. నేసేవాణ్ణి నేతన్న అని ఆప్యాయంగా పిలుస్తాం. అల్లిక అనగానే మాత్రం "కుట్లు, అల్లికలు" గుర్తొస్తాయి. ఇంటిపని అయ్యాక ఆడవాళ్ల కాలక్షేపం అన్నమాట. ఈ జంటపదం వెనక ఎంత చాకిరీ దాగిందో తెలియాలంటే నర్సాపురం వైపు చూడాలి. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన, కొక్కెం సూదితో అల్లే క్రోషా లేసు అక్కడి ఆడవాళ్ల చేతుల్లో పెరిగి పెద్ద ఎగుమతి సరుకైంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ ఆ పనిని అధ్యయనం చేసి 1982లో అచ్చయిన పుస్తకంలో తేల్చినది ఇదే: లేసు అల్లే ఆడవాళ్లను "ఇంట్లో కూర్చుని ఖాళీ సమయంలో చేసుకునే గృహిణులు" అన్నారు గానీ కార్మికులుగా లెక్కించలేదు. కూలి అతి తక్కువ. వ్యాపారం, ఎగుమతి మగవాళ్లవి. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, సంతోషమే. ఆ అల్లే చేతులకు కార్మికులన్న పేరు కూడా రావాలని నా కోరిక.

ఇక బనియను మాట. సంస్కృత వణిజ్ నుంచి గుజరాతీ వాణియో, దాన్నుంచి పోర్చుగీసుల నోట బనియన్. మొదట అది వర్తకుడి పేరు. తర్వాత ఇంగ్లీషువాళ్లు ఇంట్లో తొడుక్కునే వదులు అంగీకి ఆ పేరు పెట్టారు, చివరికి లోపల తొడుక్కునే బట్టగా మనకు తిరిగొచ్చింది. కోఠి దుకాణాల బోర్డుల మీద కనిపించే హోజరీకి మూలం ఇంగ్లీషు హోస్, అంటే మేజోడు. బెంగాలీలు బనియనును పిలిచే గెంజీ ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య సముద్రంలో ఉన్న గర్న్‌జీ ద్వీపం పేరు, మన క్రికెట్ జెర్సీ దాని పక్క ద్వీపం పేరు. ఆ జెర్సీ ద్వీపంలో జనమంతా అల్లిక మీద పడి పొలాలు వదిలేస్తున్నారని, కోతల కాలంలో 15 ఏళ్లు దాటినవాళ్లెవరూ మేజోళ్లు అల్లకూడదని 1608లో చట్టం చేశారు. ఈ పని కాలక్షేపమైతే దాన్ని ఆపడానికి చట్టం ఎందుకు?

ఇంకొకటి. 1811లో ఇంగ్లండులో యంత్రాలు విరగ్గొట్టిన లుడ్డైట్ల గురించి "మగ్గాలు పగలగొట్టారు" అని తరచూ రాస్తుంటాం. నాటింగ్‌హామ్ ప్రాంతంలో మొదట విరిగినవి మగ్గాలు కావు, మేజోళ్లు అల్లే చట్రాలు. 1589లో విలియం లీ కనిపెట్టిన చట్రం సంతతి అవి. వెడల్పు బట్ట అల్లి, కత్తిరించి, కుట్టి నాసిరకం మేజోళ్లు అమ్ముతుంటే తమ కూలి పడిపోతోందని అక్కడివాళ్ల కోపం. మగ్గం అని రాస్తే ఆ గొడవకు కారణమే అర్థం కాదు.

*

ఒక తమ్ముడి ప్రశ్న: "అన్నా, అల్లిక కార్మికులు అని రాస్తే చలికాలంలో టిబెటన్లు అమ్మే స్వెట్టర్లు చేత్తో అల్లేవాళ్లు అనుకోరా?"

అనుకుంటారు తమ్ముడూ. అయితే ఆ టిబెటన్లు అమ్మే స్వెట్టర్లు కూడా చాలావరకు లూధియానా మిషన్ల మీద తయారైనవే. తిరుపూరు సంగతికొస్తే అసలు అల్లే మనుషులు తక్కువ. మిషను గుండ్రంగా తిరుగుతూ బట్ట దించుతుంటే కొద్దిమంది చూసుకుంటే చాలు. ఎక్కువమంది అద్దకంలో, కటింగులో, కుట్టులో, చెకింగులో, ఇస్త్రీలో, ప్యాకింగులో ఉంటారు. టైలర్లు కూర్చునే బల్లను పవర్ టేబుల్ అంటారు. పక్కన నిలబడి ముక్కలు మడిచి అందించేవాళ్లు కైమడి. కై అంటే చెయ్యి, మడి మన మడతే. అరవం రాకపోయినా తెలిసిపోయే మాట. చాలాకాలం చిన్నపిల్లలు చేసిన పని అది. అక్కడివాళ్లు ఫ్యాక్టరీని బనియన్ కంపెనీ అంటారు. కరువు భత్యం కోసం 1984లో నెలల తరబడి సమ్మె చేసిందీ ఈ బనియను కార్మికులే. కాబట్టి బట్టను అల్లిక బట్ట అందాం, మనుషుల్ని బనియను కార్మికులు అందాం. వాళ్లు తమను తాము పిలుచుకునే పేరు అదే.

ఒక మేడమ్ అడిగారు: "సుమంగళి పథకం కూడా ఈ బనియన్ కంపెనీలదేనా?"

అది ఎక్కువగా నూలు మిల్లులదండీ. ఈ బట్టకు దారం వచ్చేది అక్కడినుంచే కాబట్టి సంబంధం ఉంది. పెళ్లికాని ఆడపిల్లల్ని సుమారు మూడేళ్ల ఒప్పందం మీద హాస్టల్లో పెట్టి పని చేయించుకుని, చివర్లో పెళ్లి ఖర్చుకని ఒక మొత్తం ఇస్తామనేవారు. మధ్యలో జబ్బుచేసి ఇంటికొచ్చేస్తే ఆ మొత్తం చేతికి రాకుండా పోయేది. ఇది రాసేటప్పుడు దయచేసి "సుమంగళి పథకం" అని ఊరుకోవద్దు. మన పాఠకులకు ఆ మాట పసుపుకుంకుమలా వినిపిస్తుంది, ప్రభుత్వమేదో సాయం చేసిందనుకుంటారు. "సుమంగళి పేరుతో ఆడపిల్లల జీతం బిగబట్టే పద్ధతి" అని విడమరిచి రాయండి. రెండు మాటలు ఎక్కువైనా పర్వాలేదు.