టోటల్ టెస్టోస్టిరాన్ తక్కువ, లెక్కగట్టిన ఫ్రీ బాగానే ఉంది: ఏది నమ్మాలి?

వయసు 41, బరువు 94 కిలోలు, నడుము 42 అంగుళాలు. ఏడు నెలలుగా పొద్దున్నే అంగస్తంభన ఉండట్లేదు, మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒళ్లంతా నీరసం.

పరగడుపున ఉదయం 8కి, మూడు వారాల తేడాతో రెండుసార్లు రక్తం తీయిస్తే టోటల్ (రక్తంలోని మొత్తం టెస్టోస్టిరాన్) 262, 270 నానోగ్రాములు (డెసిలీటరుకి). రెండోసారికి జుట్టు కోసం వేసుకునే బయోటిన్ (ఒక బి విటమిన్) వారం ముందే ఆపేశాను, అది ఇలాంటి పరీక్షల ఫలితాలను తప్పుగా చూపించగలదని. ఎల్‌హెచ్ (టెస్టోస్టిరాన్ తయారు చేయమని వృషణాలకు చెప్పే హార్మోన్) 3.4, ప్రొలాక్టిన్ (మరో పిట్యూటరీ హార్మోన్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) నార్మల్. టెస్టోస్టిరాన్‌ను రక్తంలో పట్టి ఉంచే ప్రొటీన్లు ఎస్‌హెచ్‌బీజీ 14, ఆల్బుమిన్ 4.3, వీటితో లెక్కగడితే ఫ్రీ (ఏ ప్రొటీన్‌కీ అంటుకోకుండా విడిగా ఉన్న టెస్టోస్టిరాన్) 78 పీకోగ్రాములు (మిల్లీలీటరుకి) వస్తోంది. ల్యాబ్ అనలాగ్ అనే పద్ధతిలో ఫ్రీని నేరుగా కొలిచిందేమో 6.1, పక్కనే 'లో' అని ఎర్రక్షరాలు. ఆ పద్ధతి మీద నాకెటూ నమ్మకం లేదు.

మూడు నెలలు జింక్, విటమిన్ డి వాడాను, ఏడున్నర గంటల నిద్ర పట్టించాను, తేడా లేదు. ఇంకో బిడ్డ కావాలి కాబట్టి టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వద్దు, వీర్యకణాలు పడిపోతాయి.

ఎస్‌హెచ్‌బీజీ తగ్గడం వల్లే టోటల్ తక్కువ కనిపిస్తోందనుకుని ముందు బరువు తగ్గించుకోవాలా, లేక ఈక్విలిబ్రియం డయాలిసిస్ (ఫ్రీ హార్మోన్‌ను పొర ద్వారా వేరుచేసి కొలిచే పద్ధతి)తో ఫ్రీ మళ్లీ చేయించాలా?