చదరంగపు గళ్ల పద్యంలోని ఇరవై అంకెల సంఖ్యను కాగితం మీద విడగొట్టవచ్చా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)

చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గళ్లకూ కలిపి ఎన్ని గింజలవుతాయో పాతకాలపు తెలుగు గణితకవి పావులూరి మల్లన పద్యంలో ఉందని చెబుతూ, మా తాతగారు ‘శర శశి షట్క చంద్ర’ అని అందుకునేవారు. అంకెలకు బదులు మాటలు వాడే భూతసంఖ్యల లెక్కన శర అంటే 5, శశి 1, షట్కం 6, చంద్రుడు 1. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి కనుక పద్యంలో చివరి అంకెను చెప్పే తుహినాంశుడు (అంటే చంద్రుడే, 1) సంఖ్యకు ముందు నిలుస్తాడు. అలా రాసుకుంటే 18446744073709551615 వచ్చింది. సరిచూద్దామని స్ప్రెడ్‌షీట్‌లో లెక్క వేస్తే చివరి ఐదు స్థానాల్లోనూ సున్నాలే కనబడ్డాయి. తప్పు పద్యానిదా, యంత్రానిదా? దీని కారణాంకాలను చేత్తో కనుక్కోగలమా?

జవాబు (సత్యనారాయణపురం, విజయవాడ)

పద్యం సరిగ్గానే ఉందండీ. స్ప్రెడ్‌షీట్ పదిహేను అంకెల వరకే చూపి, మిగిలిన స్థానాలను సున్నాలతో నింపుతుంది. మన సంఖ్య 2⁶⁴ − 1 కనుక, హైస్కూల్లో నేర్చిన రెండు వర్గాల భేదం సూత్రంతో అది (2³² − 1)(2³² + 1) అవుతుంది. అందులో మొదటి దానిని మళ్లీ అలాగే, వచ్చిన దానిని మళ్లీ అలాగే విడగొట్టుకుంటూ దిగితే 3, 5, 17, 257, 65537, 4294967297 మిగులుతాయి. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది కూడా ప్రధానమేనని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దానిని 641 × 6700417గా విడగొట్టాడు. ఈ రెండూ ప్రధాన సంఖ్యలే కనుక మొత్తం ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు, 128 భాజకాలు.

జవాబు (గుంటూరు)

641 ఎక్కడి నుంచి ఊడిపడిందని చదివేవారికి అనిపించవచ్చు. 641 అంటే 5 × 2⁷ + 1. అదే 5⁴ + 2⁴ కూడా. కాబట్టి 641తో భాగించినప్పుడు 5 × 2⁷ శేషం −1తో సమానం. నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸ శేషం 1. ఇక్కడ 5⁴ స్థానంలో −2⁴ పెట్టవచ్చు కనుక −2³² శేషం 1 అవుతుంది, అంటే 2³² + 1 నిశ్శేషంగా భాగింపబడుతుంది. నాకు ఇంత ముచ్చటైన నిరూపణ మరొకటి కనబడలేదు. అన్నట్టు, ఆ మొదటి ఐదు ప్రధాన సంఖ్యల్లో దేనినైనా భుజాల సంఖ్యగా తీసుకుంటే, ఆ క్రమ బహుభుజిని గుర్తులు లేని స్కేలు, వృత్తలేఖినితోనే నిర్మించవచ్చు. 17 భుజాల సంగతిని గౌస్ 1796లో తేల్చాడు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. రాత్రి 4294967297ను 641తో భాగించాను. 4489లో ఏడు సార్లు పోగా శేషం 2 మిగిలింది. ఆపైన దింపిన 6కీ 7కీ భాగఫలంలో రెండు సున్నాలు వేయడం మరిచి, మొదటిసారి 67417 తెచ్చుకున్నాను. రెండోసారి వేస్తే చివరి మెట్టులో 4487 వచ్చి, శేషం సున్నా అయింది.